బట్టీ వేడి

ఉత్తరపు గాలి మొదలైందంటే మా శాన్ బ్లాస్ పేటలో ఎవరి నోటికీ ఎవరూ పూచీ ఉండరు. ఆ గాలి బ్రెజిల్ అడవుల మీంచి వేడినీ తేమనీ కలిపి మోసుకొస్తుంది, వచ్చి ఒక పట్టాన పోదు. ఒంటి మీది చొక్కా ఆరదు. డబ్బాలో ఉప్పు నీరుకారిపోతుంది. చెక్క తలుపులు ఉబ్బి మూసుకోవు. మొగుడూ పెళ్ళాం ఒకరి మొహం ఒకరు చూసుకోలేరు. ఆ రోజుల్లో తిట్టుకున్న తిట్లని మావాళ్ళు పట్టించుకోరు. దక్షిణం నుంచి చల్లగాలి తిరిగి, నాలుగు ఉరుములు ఉరిమి, వాన పడి ఒళ్ళు తేలికపడ్డాక, తిట్టినవాడే చల్లటి తెరెరే కూజా చేత్తో పట్టుకుని అవతలివాడి గడప ఎక్కుతాడు. "ఉత్తరపు గాలిరా, ఏమనుకోకు," అంటాడు. "అదేగా," అంటాడు వాడు. ఇద్దరూ ఒకే గొట్టంతో ఆకు నీళ్ళు తాగుతారు, అక్కడితో సరి. నన్నడిగితే మా ఊళ్ళో జనం చేసిన పాపాల్లో సగం ఇలా గాలి నెత్తిన రుద్దినవే. పాపం దానికి నోరు లేదు కాబట్టి చెల్లిపోతోంది.

ఎలాదియా చిపా రొట్టెలు కాల్చి బతికే మనిషి. కర్రపెండలం పిండి, చీజ్, గుడ్లు, పంది కొవ్వు, ఇంత సోంపు వేసి పిసికి, గాజుల్లా చుట్టి, అరిటాకు ముక్కల మీద పేర్చి బట్టీలోకి తోస్తుంది. బట్టీ ఆమె పెరట్లోనే ఉంది. ఇటుకలతో కట్టి మట్టి మెత్తిన గుమ్మటం అది, వంగి లోపలికి చూస్తే కనుబొమలు చురుక్కుమంటాయి. గురువారం, శనివారం మధ్యాహ్నం దాన్ని వెలిగిస్తే సాయంత్రం బస్సులకి బుట్టలు సిద్ధమవుతాయి. బుట్టలు నెత్తిన పెట్టుకుని బస్సులెక్కి అమ్మే పిల్లలు వేరే ఉన్నారు. ఎలాదియాకి యాభై ఎనిమిదేళ్ళు. చేతులు మగవాడి చేతుల్లా ఉంటాయి, మనిషి మాత్రం పొట్టి.

అంత పిండి ఒక్కళ్ళు పిసికేది కాదు. రెండో జత చేతులు బెనిగ్నావి. పక్కిల్లే, మధ్యలో కర్రల దడి, దడిలో ఒక చోట నాలుగు కర్రలు పీకేసి చేసుకున్న దారి. ఎలాదియాకి పెళ్ళయిన చాలా ఏళ్ళకి ఒక మగపిల్లవాడు పుడితే, బాప్తిస్మం రోజున వాణ్ణి చేతుల్లోకి ఎత్తుకున్నది ఈ బెనిగ్నాయే. మా దగ్గర అలా ఎత్తుకున్న మనిషి తోడబుట్టినవాళ్ళకన్నా ఎక్కువ. ఆ రోజు నుంచి ఇద్దరూ వదినా అంటే వదినా అనుకున్నారు. ఇలారియో అని పేరు పెట్టిన ఆ పిల్లవాడు ఏడాది నిండకుండానే జ్వరం వచ్చి పోయాడు. తర్వాత కొన్నేళ్ళకి ఎలాదియా మొగుడూ పోయాడు. వరస మాత్రం ఉండిపోయింది. ఎలాదియాకి ఈ లోకంలో మిగిలిన చుట్టరికం అదొక్కటే, ఆ సంగతి ఆమెకీ తెలుసు.

బెనిగ్నా పెళ్ళి చేసుకోలేదు. తల్లి నికొలాసాని చూసుకుంటూ ఉండిపోయింది. ఆ ముసలావిడ మంచాన పడి మూడేళ్ళయింది. మతి ఒక పూట ఉంటుంది, ఒక పూట ఉండదు.

బట్టీ పని చేసేవాళ్ళకి మా దగ్గర ఒక కట్టుబాటుంది. బట్టీ వేడి ఒంట్లో ఉండగా చన్నీళ్ళు ముట్టుకోకూడదు, ఐసు వేసినవి తాగకూడదు, వానలో అసలే కాలు పెట్టకూడదు. పెడితే వాతం కమ్మి మూతి వంకరపోతుంది. ఇస్త్రీ చేసేవాళ్ళకీ ఇదే నియమం. నమ్మకాలు ఎగతాళి చేసేవాళ్ళు ఎవరైనా ఉంటే ఎలాదియా అక్క పెత్రోనాని చూసి ఉండాల్సింది. బట్టీ ముందు నుంచి లేచి, దండెం మీద బట్టలు తడిసిపోతున్నాయని వానలోకి పరిగెత్తింది. రెండో రోజుకి ఎడమ పెదవి కిందికి జారింది. చచ్చేదాకా ఆ పిల్ల నీళ్ళు తాగితే సగం మెడ మీదికే కారేవి, పెళ్ళిచూపులకి వచ్చినవాళ్ళు వచ్చినట్టే వెళ్ళిపోయారు. అందుకే వాన కురుస్తుంటే బట్టీ మనిషిని ఎవరూ బయటికి పిలవరు. ఇల్లు తగలబడుతున్నా పిలవరు.

ఈ జనవరిలో ఉత్తరపు గాలి పట్టుకుని వదల్లేదు. దానికి తోడు కరెంటు పోయింది. అందరూ ఒక్కసారే ఫ్యాన్లు వేస్తే ట్రాన్స్‌ఫార్మర్ పేలిపోయిందన్నారు. బాగుచేసేవాళ్ళు రేపు రేపంటున్నారు. జనం మంచాలు ఎత్తి మామిడి చెట్ల కింద వేసుకున్నారు, దోమలు అక్కడికీ వచ్చాయి. ఎదురింటాయన పేరు క్రిస్పులో, సైకిళ్ళు బాగుచేస్తాడు. ఆయన తడి తువ్వాలు నెత్తిన వేసుకుని బల్ల మీద కూర్చుని, వచ్చేవాళ్ళనీ పోయేవాళ్ళనీ చూసి ఒకటే మాట. "నన్ను ఎవరన్నా కుండలో పెట్టి మూత తియ్యడం మర్చిపోయారేమో చూడండర్రా."

నికొలాసాకి ఉక్క అంటే ఏమిటో తెలియడం మానేసింది, బాధ మాత్రం తెలుస్తోంది. పగలంతా మూలుగు. "నీళ్ళు, నీళ్ళు," అంటుంది. ఇస్తే ఉమ్మేసి మళ్ళీ మొదలుపెడుతుంది. ఆ మంగళవారం మధ్యాహ్నం, పేట అంతా కాళ్ళు చాపుకుని పడుకునే వేళ, ఎలాదియా గచ్చు మీద చాప కూడా లేకుండా పడుకుంది. మూడు రోజులుగా కంటి మీద కునుకు లేదు. రెప్పలు మూతపడేసరికి దడి అవతల నుంచి "నీళ్ళు" అని వినిపించేది. మళ్ళీ మూతపడితే మళ్ళీ. చివరికి లేచి, జుట్టు విరబోసుకున్నది విరబోసుకున్నట్టే, దడి దగ్గరికి వెళ్ళింది.

"బెనిగ్నా! ఆవిడ నోరు కాస్త మూయించవే!"

"నా చేతుల్లో ఉందా ఏంటి?" బెనిగ్నా లోపల్నుంచే అరిచింది. "ముసల్దానికి ఉక్కపోస్తంది."

"మాకు మంచు కురుస్తందా? ఇంత లావు ఎండలో పిట్టలు రాలి పడతన్నాయి, ఈవిడొక్కతీ ఉంది చూడు. దేవుడు పేరు మర్చిపోయినట్టున్నాడు. తీసుకుపోతే అందరం తలో కునుకూ తీద్దుం."

అవతల చప్పుడు ఆగింది. చేతిలో గ్లాసుతో బెనిగ్నా దడి దగ్గరికి వచ్చింది. ఆమె జాకెట్టు తడిసి ఒంటికి అతుక్కుపోయింది, కళ్ళ కింద నల్లగా ఉంది. నిద్ర లేనిది ఎలాదియా ఒక్కతికే కాదు.

"ఏమన్నావు?"

"విన్నదే అన్నాను."

"మా అమ్మ నీళ్ళడిగితే ఇయ్యడానికి నేనున్నాను. రేపు నువ్వు మంచాన పడితే నీకెవరిస్తారే? నీ కడుపున పుట్టినోడు ఉన్నాడా ఇయ్యడానికి?"

అంది. అనేశాక బెనిగ్నా మొహం మారింది కూడా. కానీ మాట బయటికొచ్చేసింది. క్రిస్పులో బల్ల మీంచి, "ఉత్తరపు గాలమ్మా, ఉత్తరపు గాలి," అని నవ్వబోయి, ఎవరూ నవ్వకపోయేసరికి తువ్వాలు కళ్ళ మీదికి లాక్కున్నాడు.

ఇంకెవరన్నా అని ఉంటే ఎలాదియా అక్కడే నాలుగు దులిపి మర్చిపోయేది. వాణ్ణి బాప్తిస్మం రోజున చేతుల్లో పట్టుకున్న మనిషి అంది. వాడు పోయినప్పుడు చిన్న పెట్టె కొలతలు చెప్పడానికి వడ్రంగి దగ్గరికి వెళ్ళిన మనిషి కూడా ఈ బెనిగ్నాయే. ఆ మాట ఎలాదియా కడుపులో నిప్పులా కూర్చుంది. బుధవారం దడి వైపు చూడలేదు. రాత్రి అన్నం ముట్టలేదు. తను మొదట అన్న మాట మాత్రం గుర్తుకు రానిచ్చేది కాదు. గుర్తుకొస్తే వెంటనే బెనిగ్నా మాట దాని మీద పరిచేది.

గురువారం వచ్చింది. బట్టీ రోజు. కట్టెలు పేర్చి ఉన్నాయి, చీజ్ తడిగుడ్డలో చుట్టి ఉంది, పిండి తొట్టి కడిగి బోర్లించి ఉంది. బెనిగ్నా దడి దాటి వస్తుందేమోనని ఎలాదియా పొద్దున్నించీ చూసింది. చూడట్లేదన్నట్టు నటిస్తూ చూసింది. అవతల బెనిగ్నా కూడా ఈవిడ పిలుస్తుందేమోనని చూసి ఉంటుంది. ఇద్దరూ ఇద్దరే. మధ్యాహ్నం దాటింది. రాకపోతే మానె, నేనెందుకు పిలవాలి అనుకుని ఎలాదియా బట్టీ వెలిగించలేదు. అగ్గిపెట్టె అరుగు మీదే ఉండిపోయింది.

మధ్యాహ్నపు కునుకు వేళ దాటాక గాలి ఉన్నట్టుండి ఆగిపోయింది. ఆకు కదల్లేదు. కోళ్ళు ఎవరూ తోలకుండానే గూట్లోకి వెళ్ళిపోయాయి. దక్షిణం వైపు కొండల వెనక నుంచి మబ్బు లేచింది, అడుగున నల్లగా, అంచున పచ్చగా. అలాంటి రంగు చూస్తే మా ఆడవాళ్ళు సిలువ గుర్తు వేసుకుని దండెం మీద బట్టలు లాగేస్తారు. ఎలాదియా కూడా లాగేసింది. అద్దం మీద దుప్పటి కప్పింది, మట్టల ఆదివారం నాడు గుడిలో ఇచ్చిన మట్ట ముక్క ఒకటి వంటింటి పొయ్యి నిప్పులో వేసి ఇల్లంతా పొగ పట్టింది, కాళ్ళకి చెప్పులు తొడుక్కుంది. అంతలో దక్షిణపు గాలి వచ్చింది.

ఆ గాలి హాయి మా వాళ్ళకి తప్ప ఇంకొకరికి చెప్పి తెలిసేది కాదు. వారం రోజుల చెమట ఒక్క విసురుకి ఆరిపోతుంది. మెడ మీద రోమాలు లేస్తాయి. ఎలాదియా వసారాలో కుర్చీ వేసుకుని, కొట్టువాడు పట్నం నుంచి తెప్పించిన ఐసు గడ్డ కూజాలో వేసి, పుదీనా దంచి తెరెరే కలుపుకుని కూర్చుంది. చల్లటి నీళ్ళు గొంతు దిగుతుంటే ప్రాణం లేచొచ్చింది. ఎన్నో రోజుల తర్వాత ఆమె ఒంటికి సుఖంగా ఉంది. మనసుకి మాత్రం లేదు.

ఉరుములు దగ్గరయ్యాయి. వాన దబ్బున పడింది, చినుకు చినుకుగా కాదు. నిమిషాల్లో వీధి ఎర్రటి వాగైపోయింది. క్రిస్పులో బల్ల దాన్లో కొట్టుకుపోతుంటే ఆయన తలుపులోంచి దాన్ని తిట్టాడు. బెనిగ్నా ఇంటి కప్పు మీద ఒక రేకు లేచి, రెండు మూడుసార్లు ధబాధబా కొట్టుకుని, ఎగిరి అరటి చెట్ల మీద పడింది. ఆ ఇంటి వెనక గోడ పచ్చి ఇటుకలది. నీళ్ళు తగిలితే ఎంతసేపుంటుందో అందరికీ తెలుసు.

"వదినా!"

ఎలాదియా విన్నది. వానలోనూ స్పష్టంగానే విన్నది.

"వదినా! ఒక చెయ్యి వెయ్యవే, గోడ నానిపోయింది! అమ్మ మంచం నా ఒక్కదాని వల్ల కావట్లేదు!"

ఎలాదియా లేచి నిలబడింది. చేతిలో తెరెరే తాగే కొమ్ము గ్లాసు ఉంది. వసారా అంచుకి ఒక అడుగు వేసింది. దడిలో దారి ఎదురుగా కనిపిస్తోంది, పట్టుమని పదిహేను అడుగులు లేవు. వెళ్ళాలని ఆమెకి తెలుసు. కానీ మంగళవారం నుంచి కడుపులో పెట్టుకున్నది ఆ క్షణాన తల ఎత్తింది. ఇప్పుడు కావలసి వచ్చానా అనుకుంది. ఇంకొక్కసారి పిలవనీ. ఇంకొక్కసారి బతిమాలుకోనీ, అప్పుడు వెళ్తాను. అనుకుని, కొమ్ములో మిగిలిన నీళ్ళు పీల్చింది.

మూడో పిలుపు రాలేదు. గోడ పడిన చప్పుడు పెద్దగా కూడా వినిపించలేదు, బురదలోకి బస్తా దించినట్టుంది. ఎలాదియా కొమ్ము పారేసి పరిగెత్తింది.

తల్లి మంచాన్ని బెనిగ్నా గడప దాకా తోసేసింది. చివరి తోపుకి తను మాత్రం వెనకబడింది. కుడి భుజం, చెయ్యి, నడుం బురద ఇటుకల కింద ఉన్నాయి. గడపలో మంచం మీద నికొలాసా నోరు తెరుచుకుని, మీద పడుతున్న వాన నీళ్ళు తాగుతోంది. ఎలాదియా మోకాళ్ళ మీద పడి చేతులతో తవ్వింది. క్రిస్పులో, అతని అల్లుడు వచ్చి పారలు వేశారు. క్రిస్పులో పెళ్ళాం ఫుల్‌హెన్సియా గొడుగు పట్టుకుని వచ్చింది, వచ్చి చూసింది మొదట బెనిగ్నాని కాదు.

"ఓరి నా తల్లో! ఇవాళ గురువారం కదటే! బట్టీ మీంచి లేచి వానలోకి వస్తావా? మూతి పోతుందే, మీ అక్కకి ఏమయిందో మర్చిపోయావా?"

తన శాలువా తీసి ఎలాదియా తలకీ మెడకీ చుట్టేసింది. ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు వచ్చి ఆమెని బురదలోంచి లాగారు. అప్పటికి బెనిగ్నాని తలుపు చెక్క మీద పడుకోబెట్టారు. మొహం బూడిదరంగులో ఉంది, చెయ్యి చూడ్డానికి లేదు. కళ్ళు మాత్రం ఎలాదియా మీదే ఉన్నాయి.

"ఇంత దగ్గర్లో ఉండి ముందే రాలేదేంటి?" అని ఎవరో అడిగారు.

"బట్టీ వేడి మీద ఉంది," అంది బెనిగ్నా. "లోపలికి తీసుకెళ్ళండి దాన్ని."

ఆ మాటతో పేట తీర్పు అయిపోయింది.

వారం రోజులు ఎలాదియాకి జరిగిన సేవ పురిటాలికి కూడా జరగదు. సదాపాకు కషాయం పోశారు. వేడి కొవ్వుతో దవడలు రుద్దారు. అద్దం మీద దుప్పటి తియ్యనివ్వలేదు. పేటలో ఆడవాళ్ళు వరసగా వచ్చి ఆమె మూతి చూసి వెళ్ళేవారు. "ఏదీ, ఈల వెయ్యి." "బుగ్గలు పూరించు చూద్దాం." "పిల్లల్లారా, ఈవిడ కాళ్ళకి దండం పెట్టండర్రా, ప్రాణస్నేహితురాలికోసం మొహాన్నే పణంగా పెట్టింది." ఆదివారం పాదిరీ గారు ప్రసంగంలో పేరు చెప్పకుండా, నిప్పు దగ్గర నుంచి నీళ్ళలోకి నడిచిన ఒక స్త్రీ గురించి చెప్పారు. అందరి తలలూ ఎలాదియా వైపు తిరిగాయి. ఆమె ముళ్ళ మీద కూర్చున్నట్టు కూర్చుంది. అది వినయం అనుకున్నారు జనం.

బట్టీలోకి తొంగి చూసినవాళ్ళు ఒక్కరూ లేరు. చూసి ఉంటే కట్టెలు పేర్చినవి పేర్చినట్టే, తెల్లగా, అగ్గి తగలకుండా కనిపించేవి. ఒకనాడు ఉండబట్టలేక ఎలాదియా అంది.

"ఫుల్‌హెన్సియా, ఆ రోజు నేను బట్టీ వెలిగించనే లేదే."

"ఊరుకో ఊరుకో, వాతం తలకెక్కితే ఇట్టాగే మాట్లాడతారు. మీ అక్క కూడా మాట్లాడింది," అని ఫుల్‌హెన్సియా ఇంకో గ్లాసు కషాయం కలిపింది.

ఎలాదియా రెండోసారి చెప్పలేదు. ఎందుకు చెప్పలేదంటే, నిజం చెప్పాలి కదా, మొదటిసారి చెప్పినప్పుడు నమ్మలేదని లోపల ఎక్కడో ఊపిరి పీల్చుకుంది. ఆ ఊపిరి పీల్చుకున్నందుకు తనమీద తనకే అసహ్యం పుట్టింది. పొద్దున లేస్తూనే పెదవులు తడుముకునేది. దేవుడా, వంకరపోనీ, ఒక్క పక్కకి పోయినా చాలు, అనుకునేది. మూతి మాత్రం పెళ్ళినాటి ఫోటోలో ఎలా ఉందో అలాగే ఉంది.

బెనిగ్నాని పట్నం ఆసుపత్రిలో పెట్టారు. నికొలాసాని ఎలాదియా తన ఇంట్లోకి తెచ్చుకుంది. కడిగింది, తుడిచింది, పక్కలు మార్చింది, గంజి పట్టింది. ముసలావిడ మధ్యాహ్నం పూట "నీళ్ళు" అంటే గ్లాసుతో పక్కనే ఉండేది. ఉమ్మేస్తే తుడిచి మళ్ళీ ఇచ్చేది. అదీ పేటలో పొగడ్తకే వచ్చింది. ఇలా సేవ చేస్తే ఆ రోజు వసారాలో నిలబడి పీల్చిన ఆ రెండు గుక్కల నీళ్ళు తీరతాయా అని ఎలాదియా తనని తాను అడుక్కునేది. తీరవని తెలిసే చేసేది.

నెలాఖరుకి బెనిగ్నా తిరిగొచ్చింది. గోడ కాలిన ఇటుకలతో మళ్ళీ కట్టి ఉంచారు పేటవాళ్ళు, రేకు బిగించారు. నడుం ఫరవాలేదు. కుడి చెయ్యి మోచేతి దగ్గర వంగదు, వేళ్ళు కర్రల్లా ఉన్నాయి. డాక్టర్లు కొన్నాళ్ళు చూద్దామన్నారట. పిండి పిసికే చెయ్యి కాదని చూసినవాళ్ళందరికీ తెలుస్తూనే ఉంది. జనం వచ్చి కూర్చున్నంతసేపు బెనిగ్నా ఎలాదియాతో మామూలుగానే మాట్లాడింది. గంజి ఎంత పట్టిస్తున్నావు, మందు ఇచ్చావా, ఇలాంటివి. నికొలాసా మంచాన్ని ఎలాదియా ఇంట్లోంచి తన ఇంట్లోకి మోయించింది. జనం వెళ్ళిపోయారు. ఆ పొద్దున్నే ఉత్తరపు గాలి మళ్ళీ మొదలైంది. గదిలో గాలి ఆడట్లేదు.

ఎలాదియా గోడవార నిలబడింది. ఇంక ఇప్పుడు కాకపోతే ఎప్పటికీ నోరు రాదని తెలిసింది.

"వదినా. ఆ రోజు బట్టీ వెలిగించలేదు."

బెనిగ్నా ఎడం చేత్తో తల్లి దుప్పట్లు మడత పెడుతోంది. గడ్డం కింద ఒక కొస అదిమిపట్టి మడవడం నేర్చుకుంటోంది.

"తెలుసు," అంది.

"తెలుసా?"

"పొగ రాలేదు గదా. ఇన్నేళ్ళూ ఆ పొగ చూసే గదా నేను తలకి గుడ్డ కట్టుకుని నీ పెరట్లోకొచ్చేది. ఆ రోజు కూడా చూస్తానే ఉన్నా. వస్తదేమో, వెలిగిస్తదేమో అని."

"మరి అందరి ముందూ అట్టా ఎందుకు చెప్పావే?"

"ఏమో. నొప్పిలో ఉన్నా. నిన్ను పీక్కు తింటారని అనిపించింది. ఇంటికో మనిషి నీ మొహాన ఉమ్మేసేవాళ్ళు." దుప్పటి జారిపోయింది. బెనిగ్నా వంగి మళ్ళీ తీసుకుంది. "ఆసుపత్రిలో పడుకుని అనుకున్నా, ఎందుకు చెప్పానురా దేవుడా అని."

ఎలాదియాకి కన్నీళ్ళు ఆగలేదు. ముక్కు చీదుకుంటూనే అంది. "విన్నాను వదినా. రెండుసార్లూ విన్నాను. నువ్వు మా ఇలారియో మాట అన్నావు గదే, అది లోపల కుతకుత ఉడుకుతానే ఉంది. ఆ వేడి, ఆ గాలి, నిద్ర లేదు, నాకు నేనే తెలియకుండా..."

"అన్నాను," అంది బెనిగ్నా. మడత ఆపేసింది. "అనకూడని మాట అన్నాను. వాణ్ణి ఈ చేతులతో ఎత్తుకుని అన్నాను. ఉత్తరపు గాలిలో అన్నానని చెప్పుకుంటా, అయినా సచ్చిందాకా నన్ను తింటానే ఉంటది. నువ్వు మా అమ్మని అన్నదీ ఆ గాలిలోనే, దాన్నీ వదిలేస్తా. కానీ ఎలాదియా, నేను నిన్ను పిలిచేటప్పటికి గాలి తిరిగింది. దక్షిణపు గాలి. నాకు చలేస్తంది కూడా అప్పుడు."

ఆ చల్లగాలిలో తను కుర్చీ వేసుకుని కూర్చున్న సంగతి, పుదీనా వాసన, ఒంటికి కలిగిన హాయి, అన్నీ ఎలాదియాకి గుర్తే.

మంచం మీంచి నికొలాసా నీళ్ళడిగింది. బెనిగ్నా వెళ్ళి ఎడం చెయ్యి తల్లి వీపు కిందికి దూర్చింది. ఎత్తబోయింది, కాలేదు. కుడి చెయ్యి పక్కన ఊరికే వేలాడుతోంది. ఇంకోసారి ప్రయత్నించి ఆగింది, ఎవరినీ పిలవలేదు. ఎలాదియా అడక్కుండానే అవతలి పక్కకి వెళ్ళి ముసలావిడ భుజం కింద చెయ్యి వేసింది. ఇద్దరూ కలిసి లేపి కూర్చోబెట్టారు. ఎలాదియా గ్లాసు నోటి దగ్గర పెట్టింది.

ముసలావిడ తాగబోతూ ఆగి, మసక కళ్ళతో ఆమె మొహంలోకి చూసింది.

"ఎవరే ఈవిడ?" అని కూతుర్ని అడిగింది.

బెనిగ్నా ఎడం చేత్తో తల్లి వీపు వెనక దిండు సర్దింది.

"పక్కింటావిడమ్మా," అంది. "తాగు."

నికొలాసా సరేనన్నట్టు తల ఊపి, ఎలాదియా చేతిలో నీళ్ళు చివరిదాకా తాగింది.